పల్నాటి దారిలో కూసిన బెల్టు

మే నెలలో పల్నాడు వెళ్ళొచ్చామంటే మా అమలాపురంలో ఎవరూ నమ్మడం లేదు. ఆ ఎండల్లోకి ఎవరైనా కావాలని వెళ్తారా అని మొహం మీదే అడుగుతున్నారు. మేమూ కావాలని వెళ్ళలేదు. నా భార్య కమల మేనకోడలి పెళ్ళి నరసరావుపేటలో జరిగింది. పెళ్ళయ్యాక మూడు రోజులు చేతిలో మిగిలాయి. కోటప్పకొండ, మాచర్ల గుడి, ఎత్తిపోతల జలపాతం చూసొద్దామని కమల అంది. కొండ చూశాం, గుడి ఆవిడ చూసింది, జలపాతం ఇద్దరం చూడలేదు. అందుకు కారణం ఒక కారు బెల్టు. ముప్పై ఏళ్ళుగా కార్ల షెడ్డు నడుపుతున్నవాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరితే యాత్ర ఇలాగే సాగుతుందని కమల ముందే అనుకుందట.

నరసరావుపేట

పెళ్ళివారు మాట్లాడిపెట్టిన కారు పొద్దున్నే విడిదింటి ముందుకు వచ్చింది. డ్రైవరు పేరు యేసురత్నం. రెంటచింతల మనిషి, ముప్పై దాటి ఉంటాయి. కారు అతని సొంతమే. మమ్మల్ని చూడగానే "రా బాబాయ్, ఎక్కు పిన్నీ" అన్నాడు. మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్ళని 'అండి' తగిలించకుండా పలకరించం. కమల కాస్త ఉలిక్కిపడింది. ఊరు దాటేసరికి ఆవిడే "ఏమయ్యా రత్నం" అని మొదలుపెట్టింది.

అతను తాళం తిప్పగానే బండి కీచుమని అరిచింది. పెళ్ళిపందిరి విప్పుతున్న కూలీలు కూడా తలతిప్పి చూశారు. కాసేపటికి తగ్గింది. ఏసీ వెయ్యగానే మళ్ళీ అరిచింది. నా ప్రాణం ఊరుకోలేదు. బెల్టు ఎప్పుడు మార్చావని అడిగాను. క్రిస్మస్ తర్వాత ఇప్పటికి రెండు మార్చానని, ఇప్పుడున్నది కొత్తదేనని చెప్పాడు. అరిచినప్పుడల్లా సబ్బు రుద్దితే ఊరుకుంటుందట. డోరు అరలోంచి బట్టల సబ్బు ముక్క తీసి చూపించాడు కూడా.

ఇక్కడ బండి లోపలి సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ఈ కాలం కార్లలో ఇంజను ముందు పొడవాటి బెల్టు ఒక్కటే ఉంటుంది. పాములా మెలికలు తిరుగుతూ అన్ని పుల్లీల మీదుగా పోతుంది. కరెంటు పుట్టించే డైనమో, ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ పంపు, స్టీరింగు పంపు, ఏసీ, అన్నీ దాని మీదే తిరుగుతాయి. అది తెగితే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. అందులోనూ నీళ్ళ పంపు ఆగిన ఇంజను పల్నాటి ఎండలో ఎంతోసేపు నిలబడదు.

యేసురత్నానికి అది తెలియక కాదు. ఒకసారి అనుభవించాడు కూడా. వారానికి రెండుసార్లు అతను తమ ఊరి లూర్దు టీచరుగారిని నరసరావుపేటకి డయాలసిస్‌కి తీసుకువస్తాడు. చిన్నప్పుడు రెండో తరగతిలో అతనికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. పోయిన నెల దాచేపల్లి దగ్గర ఆవిడ కారులో ఉండగానే బెల్టు తెగింది. సున్నపు లారీ నీడలో కూర్చోబెట్టి, ఆటో కోసం చాలాసేపు రోడ్డు మీద నిలబడ్డాడట. ఆస్పత్రికి ఆలస్యంగా చేరడంతో ఆ రోజు ఆవిడకి చాలా ఇబ్బంది అయిందని చెప్పాడు.

"వేరే కారు చూసుకుంటాన్రా రత్నం అంది బాబాయ్. తిట్టలా. తిట్టినా బాగుండేది" అన్నాడు.

మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలని అడిగాను. ఎల్లుండి శుక్రవారం పొద్దున అన్నాడు. ఇంకో కారు కుదరక ఇన్నాళ్ళూ ఇందులోనే వచ్చిందట, ఈ ఒక్కసారికీ ఒప్పుకుందట.

కోటప్పకొండ

మా వైపు ఎటు చూసినా కొబ్బరిచెట్లూ కాలవలే. ఇక్కడ పొలాల మధ్యలోంచి కొండ ఒక్కసారిగా లేచి నిలబడి ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడల్లా బెల్టు అరిచింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే దాని పంపు బరువంతా బెల్టు మీద పడుతుంది. బెల్టు వదులుగా ఉంటే పుల్లీ మీద జారి అరుస్తుంది. ఇలాంటి అరుపులు నేను వందల సార్లు విన్నాను. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పోయిందని సగం కొండ ఎక్కేసరికే తేల్చేశాను.

పైన కమల దర్శనానికి వెళ్ళింది. నేను బానెట్ ఎత్తించాను. టెన్షనర్ని చేత్తో కదిపితే వదులైన పన్నులా ఊగింది. బెల్టు ఒక అంచున సన్నగా పోగులు లేచి ఉన్నాయి. అదీ చూశాను. టెన్షనర్ ఊగడం వల్లే అంచు అరిగిందనుకుని వదిలేశాను.

మేమిద్దరం లోపలికి వంగి ఉండగా ఒక కోతి వచ్చి, యేసురత్నం బండి అంచు మీద పెట్టిన సబ్బు ముక్క పట్టుకుపోయింది. గోడెక్కి కూర్చుని, ఒక కొరుకు కొరికి, మొహం వికారంగా పెట్టి లోయలోకి విసిరేసింది. యేసురత్నం లోయలోకి చూస్తూ నిలబడిపోయాడు. ఇక నీకు దానితో పని లేదులే అన్నాను. దర్శనం చేసుకుని వచ్చిన కమలకి ఈ సంగతి చెబితే, బొట్టు చెదిరేదాకా నవ్వింది.

పిడుగురాళ్ళ

పిడుగురాళ్ళ దగ్గరికి వస్తుంటే దారి పక్క చెట్ల ఆకులు కూడా తెల్లగా కనిపిస్తాయి. చుట్టూ సున్నపు బట్టీలు. లారీలు, వాటి మీది టార్పాలిన్లు, డ్రైవర్ల కనుబొమలు, అంతా తెలుపే. మా ఊళ్ళో ఎండ చెట్ల మధ్య నుంచి జల్లెడ పట్టినట్టు పడుతుంది. ఇక్కడ నేరుగా నెత్తి మీదే పడుతుంది, నేల మీది నుంచి ఎగిరి మళ్ళీ కళ్ళల్లో కొడుతుంది.

స్పేర్ పార్టుల కొట్లో టెన్షనర్ దొరికింది. కొట్టాయన స్పానర్లు ఇచ్చి, పక్కనున్న టార్పాలిన్ నీడ చూపించాడు. పరాయి ఊళ్ళో పరాయి స్పానర్లతో పని చెయ్యడం నాకు సరదాగానే ఉంటుంది. బెల్టు విప్పి, దానికీ పుల్లీలకీ పట్టిన సబ్బు జిడ్డంతా గుడ్డతో తుడిచి, కొత్త టెన్షనర్ బిగించాను. ఆ జిడ్డు తుడవడానికే ఎక్కువసేపు పట్టింది. స్టార్ట్ చేస్తే ఇంజను మెత్తగా పలికింది. ఏసీ వేసినా కిక్కురుమనలేదు.

కొట్టాయన మాకు టీ తెప్పించాడు. ఇక్కడ టీ చిన్న గ్లాసులో చిక్కగా, నోరు కాలేలా ఇస్తారు. మా వైపు గ్లాసు పెద్దది, టీ పలచన. కమల ముంజలు కొంది. మా ఊళ్ళో ఇచ్చే డబ్బుకి ఇక్కడ రెట్టింపు ముంజలు వచ్చాయని, తీరా తింటే లేతగా కూడా ఉన్నాయని ఆశ్చర్యపోయింది. నా మనసు మాత్రం ఇంజను మీదే ఉంది. చేసిన పని చూసుకుని మురిసిపోతున్నానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

గురజాల దగ్గర

ఆ మురిపెం గురజాల దాకా నిలవలేదు. ఊరు ఇంకా రాకముందే, ఏసీ నిండుగా నడుస్తుండగా, ముందు నుంచి సన్నగా శబ్దం మొదలైంది. యేసురత్నం నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది. కొంతదూరం పోయాక నెమ్మదిగా అన్నాడు.

"పోనీలే బాబాయ్. నువ్వు చేయగలిగింది చేశావు."

ఓదార్పు మాటే. కానీ ముప్పై ఏళ్ళ పనివాడికి అంతకంటే గుచ్చుకునే మాట ఇంకొకటి ఉండదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కంచెల బదులు పొలాల గట్ల మీద నిలువుగా పాతిన నాపరాళ్ళు వరసగా వెనక్కి పోతున్నాయి. ఎక్కడ తప్పాను? టెన్షనర్ నిజంగానే పోయింది, అందులో అనుమానం లేదు. మరి ఇదేమిటి?

వెనక సీట్లోంచి కమల అంది, "ఇది పొద్దుటి శబ్దం కాదండీ. పొద్దున పొడుగ్గా ఏడ్చింది. ఇప్పుడు పిట్టలాగా ఆగి ఆగి కూస్తోంది."

కారు పక్కకి ఆపమని, కిందికి దిగి విన్నాను. ఆవిడ చెప్పింది నిజమే. కిచ్, కిచ్, కిచ్ మని తూకంగా, ఇంజను వేగంతోపాటు పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తోంది. జారే బెల్టు ఇలా కూయదు. బండిలో ఉన్నవి రెండు జబ్బులు. పొద్దున్నుంచీ పెద్ద అరుపు చిన్న కూతని మింగేసింది. సబ్బు రెండింటినీ కలగలిపి నా చెవిని మోసం చేసింది. ఒకటి పిడుగురాళ్ళలో పోయింది. రెండోది ఏమిటో, బెల్టు అంచున లేచిన పోగులు నాకు కొండ మీదే చెప్పాయి. నేనే వినలేదు.

ఆ మాట యేసురత్నానికి చెప్పాను. రేపు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు పట్టుకుంటానన్నాను. అతను సరే అన్నాడు గానీ, నమ్మినట్టు లేదు.

రెంటచింతల

రాష్ట్రంలో ఎండ ఎక్కువగా కాసే ఊళ్ళ పేర్లు చెప్పినప్పుడల్లా రేడియోలో రెంటచింతల పేరు వినేవాణ్ణి. కారు డోరు తెరవగానే ఎందుకో తెలిసింది. సాయంత్రమైనా గాలి పొయ్యి మీంచి వస్తున్నట్టే ఉంది.

యేసురత్నం మమ్మల్ని లాడ్జికి పోనివ్వలేదు. అతని భార్య మార్తమ్మ జొన్నరొట్టెలు చేసి, గోంగూర పచ్చడి, పండుమిరప కారం, గడ్డపెరుగు పెట్టింది. మేము పప్పులో కూడా బెల్లం వేసుకునేవాళ్ళం. ఆ కారం మొదటి ముద్దకే నాకు చెవులు మూసుకుపోయాయి. ఇది పిల్లలకి చేసిన కారమని మార్తమ్మ మామూలుగా చెప్పింది. కమల కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వేయించుకుంది.

అన్నాలయ్యాక లూర్దు టీచరుగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, సన్నగా, నీరసంగా ఉన్నారు. కానీ ఆవిడ గడపలో అడుగుపెట్టగానే యేసురత్నం లేచి నిలబడిన తీరు చూస్తే, రెండో తరగతి ఇంకా అతన్ని వదల్లేదనిపించింది. శుక్రవారం ప్రయాణం సంగతి అడగడానికి వచ్చారు. నేను కార్ల పనివాణ్ణని తెలిసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. శబ్దం గురించి మీరేం భయపడకండి, రేపు తీసేస్తానని ధైర్యం చెప్పబోయాను.

"అది అరుస్తుంటే నాకు భయం లేదు అన్నయ్యగారూ" అన్నారు. "అరవటం ఆగితేనే భయం. పోయినసారి అట్టానే ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే బండి పొగలు కక్కింది. అప్పటినుంచీ దారంతా ఆ శబ్దం వింటానే కూర్చుంటా. కన్ను మూయను."

ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ శబ్దం తీసెయ్యమనే అడిగారు. ఈవిడ ఆ శబ్దాన్ని పట్టుకునే బతుకుతోంది.

మర్నాడు చర్చి గంట మోగే వేళకే బానెట్ ఎత్తాను. యేసురత్నం మెడలో తువ్వాలు తీయించాను. తిరిగే బెల్టు దగ్గర వేలాడే గుడ్డ ఉంటే మనిషినే లోపలికి లాగేస్తుంది. ఇంజను స్టార్ట్ చేయించి, కిచకిచ మొదలవగానే చెంబులోంచి బెల్టు పళ్ళ మీద కొంచెం నీళ్ళు చిలకరించాను. చాలా పాత పరీక్ష ఇది. తడి తగిలాక శబ్దం పెరిగితే బెల్టు జారుతున్నట్టు. ఒక్కసారి ఆగి, ఆరగానే మళ్ళీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేనట్టు.

కూత ఆగింది. రెంటచింతలలో నీళ్ళు ఆరడానికి ఎంతసేపు కావాలి? మళ్ళీ మొదలైంది.

ఇంజను ఆపించి, మార్తమ్మ దగ్గరున్న ఇనప స్కేలు తీసుకున్నాను. దాన్ని పుల్లీల మొహాలకి అడ్డంగా ఆనించాను. పంపు పుల్లీకి ఆనింది, ఏసీ పుల్లీకి ఆనింది, డైనమో పుల్లీకి మాత్రం ఆనలేదు. అది రూపాయి బిళ్ళ మందాన వెనక్కి ఉంది. యేసురత్నాన్ని పిలిచి, ఆ సందులోకి వేలిగోరు పెట్టించాను. డైనమో ఎప్పుడైనా మార్చావా అని అడిగాను. పోయిన ఏడు పాతది కాలిపోతే సెకండ్ హ్యాండ్‌ది వేయించానన్నాడు. కొలతలో కొంచెం తేడా ఉన్న డైనమో అది. పని చేసింది కాబట్టి ఎవరూ అటు చూడలేదు. బెల్టు మాత్రం ఆ రోజు నుంచీ పక్కకి లాగబడుతూ, ఒక అంచున అరుగుతూ, తెగుతూ వచ్చింది.

"అంటే రేపు పొద్దున ఇదీ తెగేదా బాబాయ్?" అన్నాడు.

రేపో, ఎల్లుండో అన్నాను. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, తాళాలు నా చేతిలో పెట్టాడు.

మాచర్ల

డైనమో వెనక రెండు చోట్ల ఇనప రింగులు వేసి ముందుకి జరపాలి. రెండూ ఒకే మందం ఉండాలి. ఒకటి పలచనైతే పుల్లీ పక్కకి వాలి, పాత కథే మళ్ళీ మొదలవుతుంది. మాచర్లలో ఇనుము చెక్కే లేత్ షాపు ఉందంటే ఏసీ ఆపేసి, తలుపుల అద్దాలు దించుకుని, మెల్లగా వెళ్ళాం. దారి పొడవునా నాపరాళ్ళ దొంతరలు. ఇళ్ళకి గోడలూ అవే, గచ్చూ అదే, కొట్ల ముందు బల్లలూ అవే. మేము కొబ్బరాకుతో చేసుకునే పనులన్నీ వీళ్ళు రాయితో చేసుకుంటారని కమల అంది.

లేత్ షాపు ఖాసిం గారిది. కొలత చెప్పగానే ఇనప కడ్డీ తీసి మిషనుకి బిగించాడు. అప్పుడే కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందంటే చెయ్యి ఆకాశం వైపు చూపించాడు. ఇవాళ ఈ పని కాకపోతే రేపు టీచరుగారి ప్రయాణం లేదు. ఉన్నా, ఆ కారులో ఆవిడని కూర్చోబెట్టమని నేను చెప్పలేను. యేసురత్నం ఊరంతా ఫోన్లు చేశాడు. ఆ ఎండలో ఏ షాపుకీ కరెంటు లేదు.

కమల ఆటోలో చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళొచ్చింది. స్తంభాల మీద చెక్కిన బొమ్మల గురించి చాలాసేపు చెప్పింది. చల్లటి రాతి మండపంలో కూర్చుంటే లేవబుద్ధి కాలేదట. నేను చూసింది మాత్రం ఆ షాపు రేకుల కప్పు, దాని కింద ఆగిపోయిన మిషను. మెస్సులో భోజనం చేశాం. ఎత్తిపోతలకి ఇప్పుడు బయల్దేరినా చూసి రావచ్చు, వేరే కారు మాట్లాడనా అని యేసురత్నం కమలని అడిగాడు. ఆవిడ నా మొహం చూసింది.

"నీళ్ళు మాకు గోదావరిలో చాలానే ఉన్నాయిలే. ఈ పని చూద్దాం" అంది.

మధ్యాహ్నం బాగా వాలాక కరెంటు వచ్చింది. ఖాసిం గారు రెండు రింగులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వేళ్ళతో తడిమి చూసి ఇచ్చాడు. ఈలోగా యేసురత్నం కొత్త బెల్టు తెచ్చాడు. షాపు ముందే డైనమో విప్పి, రింగులు వేసి బిగించాను. స్కేలు పెడితే మూడు పుల్లీలకీ వెంట్రుక దూరనంతగా ఆనింది.

కొత్త బెల్టు ఎక్కించి స్టార్ట్ చేశాం. ఏసీ నిండుగా పెట్టించాను, హెడ్‌లైట్లు వేయించాను, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించాను. నీళ్ళు చిలకరించాను, ఆరనిచ్చాను. ఇంజను తన పని తాను చేసుకుపోతోంది. యేసురత్నం బానెట్ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఏంది బాబాయ్, చానా వెలితిగా ఉంది" అన్నాడు.

తిరుగు దారి

శుక్రవారం తెల్లవారాక టీచరుగారు కమల పక్కన వెనక సీట్లో ఎక్కారు. పళ్ళపొడి దగ్గర్నుంచి అన్నం డబ్బా దాకా ఉన్న సంచి ఒడిలో పెట్టుకున్నారు. కారు కదిలి ఊరు దాటుతుంటే ఆవిడ ముందుకి వంగి, రెండు సీట్ల మధ్యలోంచి అడిగారు.

"ఏందిరా రత్నం, శబ్దం రావట్లా?"

యేసురత్నం నా వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగి, డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉండే చోటు చూపించాను. తాళం తిప్పగానే అక్కడ ఎర్ర లైటు వెలిగి ఆరిపోతుందని, దారిలో అది మళ్ళీ వెలిగితేనే బెల్టు పోయినట్టని చెప్పాను. అప్పుడు కూడా వెంటనే పక్కకి ఆపేస్తే ఇంజనుకి ఏమీ కాదని, ఇక చెవితో కాపలా కాయక్కర్లేదని, చూసుకుంటే చాలని చెప్పాను. ఆవిడ బడిలో పిల్లవాడి పలక దిద్దినట్టు ఆ చోటునే శ్రద్ధగా చూశారు.

"ఎర్రదేనా?"

"ఎర్రదేనండి."

గురజాల దాటేదాకా అలాగే ముందుకి వంగి కూర్చున్నారు. లైటు వెలగలేదు. దాచేపల్లి దగ్గర, కారు ఆగిపోయిన చోటు వచ్చినప్పుడు యేసురత్నం వేగం తగ్గించాడు. ఆవిడ మెల్లగా వెనక్కి ఆనుకున్నారు. కమలతో మిరపచేల గురించి, ఈ ఏటి ధరల గురించి నాలుగు మాటలు మాట్లాడారు. పిడుగురాళ్ళ తెల్లదనం మొదలయ్యేసరికి మాటల మధ్య ఎడం పెరిగింది. అద్దంలో చూస్తే ఆవిడ తల కమల భుజం మీదికి ఒరిగి ఉంది. కమల కదలకుండా కూర్చుని, సంచి జారిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టింది.

నరసరావుపేట ఆస్పత్రికి కాస్త ముందే చేరాం. యేసురత్నం వేపచెట్టు నీడలో కారు ఆపాడు గానీ, ఇంజను ఆపలేదు. ఆపితే ఏసీ పోయి ఆవిడకి మెలకువ వస్తుందని నాకు సైగ చేశాడు. ఎవరూ డోరు తియ్యలేదు. ముందు నుంచి ఇంజను సన్నగా, ఎడతెగకుండా వినిపిస్తోంది. వెనక టీచరుగారు నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా నిద్రపోతున్నారు.

నర్సు మెట్ల మీదికి వచ్చి కారుని గుర్తుపట్టి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. యేసురత్నం ముందు అద్దంలోంచి వేలెత్తి, ఒక్క నిమిషం ఆగమన్నాడు.